గాలికొండ దిగువన నేనాడిన అబద్ధం

పదకొండేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, బయటికి తేలేను. వెనకనుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. తెలిసిపోయిందా?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది దువ్వాడ. స్టీలు ప్లాంటులో ఉద్యోగం. పాత మోటారు సైకిళ్లు విప్పి బిగించడం నా పిచ్చి. నా స్నేహితుడు అప్పలరాజు పోర్టులో క్రేను నడిపేవాడు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. మా ఇద్దరివీ ముప్ఫై ఏళ్లు దాటిన బండ్లు. వాటి మీదే పూరీ వెళ్లాం, హంపీ వెళ్లాం. బయల్దేరే ముందు రెండూ నేనే చూసేవాణ్ణి. అతను తన బండి మీద ఇంకో మెకానిక్కుని చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

పదకొండేళ్ల కిందటి వానాకాలం జగదల్‌పూర్ వెళ్దామనుకున్నాం. ముందురోజు మా పెరట్లో అతని బండి వెనక బ్రేకు బాగుచేశాను. బ్రేకు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా ఒక ఇనప కడ్డీ పట్టి ఉంచుతుంది. దాని నట్టు ఊడకుండా చిన్న పిన్ను గుచ్చాలి. ఇంతలో వాన. పిన్ను రెయిన్‌కోటు జేబులో వేసుకుని, సామాను లోపల పెట్టడానికి లేచాను. మళ్లీ ఆ చక్రం దగ్గర కూర్చోలేదు.

మర్నాడు ఎస్.కోటలో టీ తాగుతుంటే జేబులో ఆ పిన్ను వేలికి గుచ్చుకుంది. పెట్టడం మరిచిపోయానని అప్పుడు తెలిసింది. ఎదురుగా అప్పలరాజు టీ కొట్టాయనతో నా గురించే చెబుతున్నాడు, మా బావ ముట్టుకున్న బండి దారిలో ఆగదని. పెట్టడం రెండు నిమిషాల పని. ఎందుకు చెప్పలేదు? ఆ పొగడ్త వింటూ, మరిచిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. నట్టు గట్టిగానే బిగించాను కదా, అరకు దాకా ఏం కాదు, అక్కడ అతను చూడకుండా పెట్టేద్దాం అనుకున్నాను. ఇంత చిన్న సిగ్గు కోసం సాటి మనిషి ప్రాణాన్ని పందెం కాస్తారా? కాశాను.

ఘాట్ రోడ్డంతా అతని వెనకే నడిపాను, కళ్లు ఆ నట్టు మీదే. గాలికొండ దాటాక, దిగుడు మలుపులో అతని బ్రేకు లైటు వెలిగింది. కడ్డీ ఊడి వేలాడటం చూశాను. చక్రం బిగుసుకుపోయింది. బండీ మనిషీ జారుకుంటూ వెళ్లి రాతి గోడకు కొట్టుకున్నారు.

ఇక్కడినుంచి రాయడం ఇంకా కష్టం. స్పృహ తప్పి పడున్న అతని దగ్గరికి నేను ముందు వెళ్లలేదు. బండి దగ్గరికి వెళ్లాను. కడ్డీని దాని చోటికి లాగి, నా సామాన్లలోంచి వేరే నట్టు తీసి బిగించి, జేబులోని పిన్ను గుచ్చాను. వేళ్లు ఒక్కసారి కూడా వణకలేదు. ఆ తర్వాతే అతని పక్కన కూలబడ్డాను. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"ఏటైంది బావ? నాను బ్రేకు గట్టిగా తొక్కీసినానేటి?"

"అవును బావ. రోడ్డు తడిగా ఉంది. నువ్వే గట్టిగా తొక్కీసినావు."

నమ్మాడు. కుడి మోకాలు మళ్లీ మడత పడలేదు. క్రేను మెట్లు ఎక్కలేక స్టోర్సులో కూర్చునే పనికి మారాడు. ఎవరడిగినా తన తొందరే అంటాడు. పక్కనే ఉండి నేను తలూపుతాను.

పోయిన ఆదివారం వచ్చి, టార్పాలిన్ కింద పడున్న ఆ బండిని మళ్లీ లేపమన్నాడు. వెనక కూర్చునైనా జగదల్‌పూర్ చూడాలట. రేపు నేను విప్పుతుంటే పక్కన కుర్చీ వేసుకుని చూస్తాడట. ఆ రోజు ఘాట్‌లో నేను బిగించిన నట్టు ఆ బండిది కాదు. అతని కంటికి తెలియకుండా ఉంటుందా? నా భయం అతని కోపానికి కాదు. ఇన్నేళ్లు తనను తాను తిట్టుకున్నవాడు, తెలిసిన ఆ క్షణంలో తలెత్తి నా మొహంలోకి చూస్తాడే, ఆ చూపుకి.

రేపు చెబుతానని మాటివ్వలేను. అంత ధైర్యమే ఉంటే ఎస్.కోటలోనే చెప్పేవాణ్ణి. కానీ ఇంతవరకూ రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. పిన్ను పెట్టనిది నేను. తప్పు అతని మీద వేసింది నేను. ఇప్పుడు మీకూ తెలుసు.