పచ్చబడిన బిడ్డలు

ఈ ఉదయం ఆసుపత్రిలో నీలిదీపం కింద కామెర్లతో పసుపుపచ్చగా పడుకున్న పసిగుడ్డును చూశాను. తల్లీబిడ్డల నెత్తురు పొసగకపోవడం మీద పరిశోధనలోనే నా ఉద్యోగమంతా గడిచింది. అయినా అలాంటి బిడ్డ కనబడితే మా మేనమామ భార్య కాంతమ్మత్తే గుర్తొస్తుంది.

వాకాడు దగ్గర సముద్రపొడ్డున అవ్వ వాళ్లూరు. నాకప్పుడు ఆరేళ్లు. అత్తకు తొలిచూలు కడుపులోనే పోయింది. తర్వాత పుట్టిన బిడ్డలు పచ్చబడి, వారం తిరక్కముందే పోయారు.

"బిడ్డల్ని మింగేసింది" అనేది అవ్వ. అత్త నిజంగానే తింటుందనుకున్నాను నేను.

అమ్మ పురిటికొచ్చి తమ్ముణ్ణి కన్నాక ఒకరోజు, ఎండుచేపలు తిరగేస్తున్న అత్త చేతులు కడుక్కునొచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుంది.

"అవ్వా, తమ్ముణ్ణి తినేస్తుంది!" అని అరిచాను.

అవ్వ నవ్వింది. "చూసినావా, పసిదానికే తెలిసిపోయింది" అంటూ బిడ్డను లాక్కుంది. అత్త చేపల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ ఏడే ఆమెను పుట్టింటికి తోలేసి మామ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మామ నుంచి బిడ్డలకొచ్చిన నెత్తురు కొత్త అత్త నెత్తురుతో పొసగింది, వాళ్లు నిక్షేపంగా బతికారు. తప్పు కాంతమ్మత్తదేననడానికి ఊరికి అదే రుజువైంది. కొత్త అత్త మొదటి బిడ్డకు పేరు పెట్టిన రోజు అవ్వ కాంతమ్మత్త పుట్టింటికి మిఠాయి పొట్లం పంపించింది. అది తప్పని ఎవరికీ అనిపించలేదు.