నాన్న కట్టిన ఈక ఈగ

నిన్న నందిగామలో ఒక షాపులో గాలాలకి కట్టిన రంగురంగుల ఉత్తుత్తి ఈగలు చూసి ఆగిపోయాను.

మా తరం వాళ్లకి గుర్తుందా, మునేట్లో గాలానికి ఎరంటే వానపామే! మా నాన్న మాత్రం కోడిపుంజు మెడ ఈకని అమ్మ కుట్టుదారంతో గాలానికి చుట్టి, చేప నిజం ఈగనుకుని మింగుతుందని ఈగ చేసేవాడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఏటికి వెళ్లేవాళ్లం. ఒక్క చేపా పడేది కాదు. ఒడ్డున అందరూ నవ్వేవాళ్లు. నాకు ఉక్రోషం వచ్చి, ఒకరోజు ఆయన చూడకుండా ఈక కింద వానపాము ముక్క గుచ్చాను.

చేప పడింది.

"చూశావా అమ్మాయ్, ఈగకే పడింది!" అని కేక పెట్టాడు నాన్న. గాలం ఊడదీస్తుంటే చేప నోట్లో వానపాము కనిపించింది. నాన్న మళ్లీ ఎప్పుడూ ఈగ కట్టలేదు.

"ఎర అక్కర్లేదండి, వీటికే పడతాయి" అన్నాడు షాపతను.

ఇంకొక్క ఆదివారం ఆగాల్సింది నేను.