ఎలుగుబంటి తోక, ఏడు నిమిషాలు

పిండిమామ చేతులు అప్పటికే బకెట్లో ఉన్నాయి. పిండిపట్టీ చుట్టను నీళ్లలో నిలువుగా ముంచి, బుడగలు ఆగేదాకా పట్టుకున్నాడు. పైకి తీసి రెండు కొసలూ మూసి మెల్లగా పిండాడు. బల్లమీద ఎనిమిదేళ్ల పిల్ల పడుకుని ఉంది. మోకాలి కింద విరిగిన కాలికి దూది చుట్టి ఉంది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చి, ఎముక సరిచేసి, డాక్టరమ్మ మడమ లాగి పట్టుకుంది.

ఈ పిల్లల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా పిండికట్లు కట్టేది ఆయనే, అందుకే పిల్లలకి పిండిమామ. పక్కనే నా ఎక్స్‌రే గది. మధ్య తలుపు తెరిచే ఉంటుంది.

కాలికట్టు బిగియడానికి ఏడు నిమిషాలు పడుతుంది, చిన్న కట్లకి ఇంకా తక్కువ. అంతసేపూ పిల్లలు కదలకూడదు. అందుకు ఆయన దగ్గరున్న పనిముట్టు కథ. కట్టు విప్పించుకున్న ప్రతి పిల్లా, వెంట వచ్చిన పెద్దవాళ్లూ తమకు తెలిసిన జంతువు కథ ఒకటి చెప్పి వెళ్లాలి. ఓడలో వంటచేసే ఓ తండ్రి ఒక్కడే తొమ్మిది దేశాల కథలు దింపి వెళ్లాడు. ఆయన అవన్నీ రాసుకునే నోటుబుక్కులో ప్రతి కథ పక్కనా నిమిషాలు రాసి ఉంటాయి. సాలీడు కథ నాలుగు నిమిషాలు, వేళ్ల కట్టుకి. పక్షుల దగ్గర ఈకలు అరువు తెచ్చుకుని ఎగిరిన తాబేలు ఆరు, మోచేతికి. నవ్వొచ్చే చోట ఎర్ర చుక్క. ఆ చుక్క కట్టు బిగిశాకే రావాలి.

పోయిన వారం ఇదే పిల్లకి మొదటి కట్టు వేసినప్పుడు అదే తప్పింది. లోకంలోని నీళ్లన్నీ తాగేసిన కప్పను నవ్వించడానికి జంతువులు నానా తంటాలూ పడే కథ అది. ఆ రోజు బకెట్లో నీళ్లు చల్లగా ఉన్నాయి. చల్లనీళ్లలో పిండి ఆలస్యంగా బిగుస్తుంది. ఆయన వేళ్లకి ఆ సంగతి తెలిసింది, నోరు మాత్రం ఆగలేదు. కథలో కప్ప నవ్వింది, ఈ పిల్లా నవ్వింది, కట్టు లోపల ఎముక జారింది.

"ఇంకోసారి జారితే ఆపరేషనే. కోసి రాడ్ వెయ్యాలి," అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

ఇవాళ నీళ్లు రెండుసార్లు వేలితో చూసుకున్నాడు.

"ఏ కథ మామా?" అంది పిల్ల.

"చలిదేశపు ఎలుగుబంటిది."

"ఓస్, అదా! చేపలు పడతాయని నక్క చెబితే మంచు కన్నంలో తోక పెడుతుంది. నీళ్లు గడ్డకడతాయి. లాగితే తోక ఊడుతుంది. వార్డులో అందరికీ నేనే చెప్తున్నా, నీకంటే బాగా!"

"ఇంకేం మామా, దుకాణం కట్టెయ్," అంది డాక్టరమ్మ.

ఆయన పట్టీ చుట్టడం ఆపలేదు. "సరే, నేను చెప్పను. ఎలుగువి నువ్వే. ఇది కాలు కాదు, తోక. కన్నంలో పెట్టావు. చేపలు దగ్గరికొస్తున్నాయి."

పిల్ల కాలివంక చూసింది. ఆయన అరచేయి తడికట్టు మీద పైకీ కిందికీ జారుతోంది, లోపలి ఎముకను కళ్లతో చూస్తున్నట్టే.

"మామా! మంచు వేడెక్కుతోందేంటి!"

బిగిసేటప్పుడు పిండి వేడెక్కుతుంది. డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. నవ్వొచ్చి పిండిమామ పొట్ట అదిరింది. ఆ అదురు భుజాలదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. చేతులు కదల్లేదు. ఎంత బరువు ఎత్తేవాణ్ణి చూసినా నాకు అంత ఆశ్చర్యం కలగలేదు.

"పొద్దు పొడిచింది మరి. లాగు, లాగు అని నక్క అరుస్తోంది. ఏం చేస్తావ్?"

"లాగితే ఊడుతుందిగా."

"లాగకపోతే?"

ఆలోచిస్తూ పిల్ల కనురెప్ప కూడా వేయలేదు. ఎన్నో తరాలుగా ఆ ఎలుగుబంటి తోక పోగొట్టుకుంటూనే ఉంది. లాగకుండా ఆగమని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఎండొస్తే మంచే కరుగుతుంది," అంది గుసగుసగా. "తోక నాకే ఉంటుంది."

ఆయన వేలి కణుపుతో కట్టు మీద కొట్టాడు. కాల్చిన కుండలా ఖంగుమంది.

నా గదిలో ఫిల్మ్ తీసి దీపానికి ఎదురుగా పెట్టాను. ఎముక గీత గీసినట్టు నిలిచింది. డాక్టరమ్మ రెండుసార్లు చూసి, "కదల్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు," అంది.

బయట పిల్ల తల్లి బెంచీ మీంచి లేచింది. "నిలిచిందా అన్నా?"

"మీ అమ్మాయే నిలబెట్టిందమ్మా. రెండు రోజులు గాలికి ఆరనియ్యి. తడి తగలనివ్వకు," అన్నాడు పిండిమామ.

కట్టు మీద పెన్సిలుతో తేదీ వేశాడు. ఫిల్మ్ పిల్ల ఒళ్లో పెట్టి, చక్రాల కుర్చీ తల్లి చేతికి అప్పగించాడు.