ఒంటికాలి చిలుక

నిన్న ఆదోనిలో చీరలు చూస్తుంటే కొత్త నూలు గంజి వాసన తగిలింది. ఎమ్మిగనూరులో మగ్గాల ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఆ వాసన మరిచిపోరు కదా? బడి నుంచి రాగానే సంచి మూలన పెట్టి, రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేవాళ్ళం.

ఏడో తరగతిలో మా డ్రాయింగ్ టీచర్ నాకొక గ్రాఫ్ పుస్తకం ఇచ్చారు. అందులో చీర అంచుకని ఒక చిలుకను గీశాను. నాన్న దాన్ని ఉన్నదున్నట్టు నేసి, మా అన్న గీశాడని అందరికీ చెప్పుకున్నాడు.

ఆ సంగతి తెలియని టీచర్, నన్ను కర్నూలులో డ్రాయింగ్ పరీక్షకు పంపమని ఫారం పట్టుకుని ఇంటికొచ్చారు.

"గీసింది మావాడు టీచరమ్మా. వాని పేరు రాసుకోండి" అన్నాడు నాన్న.

టీచర్ మగ్గం మీదున్న అంచు చూసి, అన్న వైపు తిరిగారు. "చిలుకకు ఒక్క కాలే ఉందేమప్పా?"

అన్న వంగి చిలుక కాళ్ళు చూశాడు.

"రెండో కాలు కాడికొచ్చేసరికి కాయితంలో గళ్ళు అయిపోయినాయి టీచర్" అన్నాను నేను.

నాన్న నవ్వాడు. "దీన్ని పంపిస్తే కండెలెవురు సుట్టాల? మీరొచ్చి సుడతారా?"

టీచర్ ఎంత బతిమాలినా నాన్న సంతకం పెట్టలేదు. ఆమె వెళ్ళాక అమ్మ ఆ గ్రాఫ్ పుస్తకం చింపి పొయ్యి రాజేసింది.

నిన్న కొట్టతను అదే అంచు చీర పరిచాడు. చిలుకకు ఒంటికాలేమని అడిగాను.

"అది గీసినాయన గురుతంట అక్కా, సంతకం మాదిరి."

మీ బీరువాలో ఆ చీర ఉంటే చిలుక కాలు చూడండి. అక్కడ నాకు గళ్ళు అయిపోయాయి.