టేకు చెక్కా, నా ఇంజనీరింగూ

ఒక బిషప్ గారినీ, ఒక ప్రార్థన మందిరాన్నీ, అద్దంకి నుంచి పరుగున వచ్చిన మా నాన్నగారినీ రెండు చెక్కముక్కలతో ఇరుకున పెట్టిన ఘనుణ్ణి నేను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ మూడు రోజులూ నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఎనభైల నాటి సంగతి. గుంటూరు దగ్గర ఫాదర్లు నడిపే ఇంజనీరింగ్ కాలేజీలో నాకు సీటొచ్చింది. మాది అర్చకుల కుటుంబం. "మావాడు వంతెనలు కడతాడు" అన్న వార్తను నాన్నగారు తీర్థంతో కలిపి ఊరంతా పంచారు. వంతెనల మాట దేవుడెరుగు, మొదటి సంవత్సరం మా చేతికి రంపం, ఉలి ఇచ్చి వడ్రంగి షెడ్డులో నిలబెట్టారు.

ఆ షెడ్డును ఏలేది ఆశీర్వాదం మాస్టారు. ఆశీర్వాదమంతా పేరులోనే ఉండేది. చేతిలో ఉండేది స్టీలు స్కేలు. ఆ శుక్రవారం మాకు పరీక్ష. రెండు చెక్కముక్కలకు సరిగ్గా నడుమ గాడి కొట్టి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టాలి. చూడ్డానికి కూడిక గుర్తులా ఉండాలి. దాని పేరు క్రాస్ ల్యాప్ జాయింట్.

నేను గాడి కొట్టగానే మొదటి ముక్క రెండైంది. రెండోది ఎలుక కొరికిన కొబ్బరిచిప్పలా తయారైంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు ఉలి పడితే ఉన్న చెక్కా పోయింది!

"ఒరేయ్ కోటయ్యా, ఇంకో చెక్క అడగనా?" అన్నాను పక్క బెంచీ వాడితో. వాడిది చీమకుర్తి. రాళ్ల మధ్య పెరిగినవాడు కావడంతో దేనికీ కరిగేవాడు కాదు.

"అడుగు. ముందు నీ వీపు కొలుస్తాడు. ఆ మూల గోడకి పెద్ద చెక్కొకటి ఆనించుంది చూడు. ఎవరికీ అక్కర్లేనట్టుంది."

నున్నగా చిత్రిక పట్టిన టేకు చెక్క ఎవరికీ అక్కర్లేకపోవడమేమిటని, బుర్రున్నవాడెవడైనా అడుగుతాడు. నేను అడగలేదు. పైగా రెండు కొసల్లోనూ ఎవరో పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నారు. ఎవరి కష్టమో పాడుచేయడం తప్పు కదా! అందుకని నడుమ నుంచే అడుగు పొడవున రెండు ముక్కలు కోసుకున్నాను.

గాడి కొట్టాను. బిగించాను. కూర్చుంది! ఆ సంబరంలో ఒక సంగతి చూడలేదు. ఒక ముక్కకు నడుమ అనుకుని నేను గీసిన గీత నడుమ లేదు, రెండంగుళాలు పైకి పోయింది.

అంతలో మాస్టారి కేక. "సిలువ చెక్క కోసిందెవడ్రా!"

ఆ కేకకు పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయలు ఇంకాస్త ఎర్రబడి ఉంటాయి. కొత్త ప్రార్థన మందిరంలో పెట్టే సిలువ కోసం తెప్పించిన టేకట అది. ఆదివారమే బిషప్ గారు వచ్చి మందిరం ప్రారంభించాలట.

నన్ను ప్రిన్సిపాల్ ఫాదర్ గారి ముందు నిలబెట్టారు.

"పేరేంటి బాబూ?"

"శేషాచార్యులండి."

"నాన్నగారు ఏం చేస్తారు?"

"గుళ్లో అర్చకులండి."

ఫాదర్ గారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "ఆచార్యులవారబ్బాయి మన సిలువ కోసేశాడని బిషప్ గారికి ఏ నోటితో చెప్పనయ్యా, ఆశీర్వాదం?"

"జాయింట్ కోసమండి" అని ఏడుపు గొంతుతో నా కళాఖండాన్ని బల్లమీద పెట్టాను.

ఆయన దాన్ని తీసుకుని నిలబెట్టారు. నా తప్పు గీత పుణ్యమా అని పై కొమ్ము పొట్టి, కింది కొమ్ము పొడుగు. అచ్చం సిలువే!

"పాలిష్ పెట్టించు ఆశీర్వాదం. ఆదివారం దీన్నే పీఠం మీద పెడదాం" అన్నారు ఫాదర్ గారు. తర్వాత నావైపు తిరిగి, "మీ నాన్నగారికి కబురు పంపుతున్నాను" అన్నారు. నా ప్రాణం పైకి పోయి, చూరు పట్టుకుని వేలాడింది.

"వెంటనే రావలెను" అన్న రెండు ముక్కల కబురందుకుని, నన్ను కాలేజీ నుంచి గెంటేశారనుకుని నాన్నగారు ఆదివారం తెల్లవారేసరికి దిగిపోయారు. మూడు నామాలతో, పంచెకట్టుతో ఉన్న ఆయన్ని కొత్త మందిరంలో ముందు వరసలో కూర్చోబెట్టారు. ప్రార్థనయ్యాక ఫాదర్ గారు లేచి, "ఈ సిలువ చేసిన చేతులు మా విద్యార్థి శేషాచార్యులవి. వారి నాన్నగారు ఇక్కడే ఉన్నారు" అన్నారు. బిషప్ గారు దిగివచ్చి నాన్నగారి చేతులు పట్టుకున్నారు. ఒకటే చప్పట్లు. చెక్క ఎలా దొరికిందో మాత్రం ఫాదర్ గారు చెప్పలేదు.

నాన్నగారు నావైపు చూసిన చూపులో కోపమెంతో, గర్వమెంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బయటికి రాగానే నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లారు.

"మావాడి పనికి ఎన్ని మార్కులేశారండీ?"

"పదికి నాలుగండి."

"అదేంటండీ! దేవుడి పీఠానికి పనికొచ్చింది, మీ పరీక్షకి పనికిరాలేదా?"

ఆశీర్వాదం మాస్టారు వినయంగా చేతులు జోడించారు. "దేవుడు క్షమిస్తాడు స్వామీ. నేను కొలుస్తాను."

అందుకే పాఠకులారా, సర్వమత దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. సొంతదారుణ్ణి కనుక్కోకుండా ఈ జన్మలో అగ్గిపుల్లయినా విరవను. మంచం కోడు విరిగితే నేలమీదే పడుకుంటాను.