రెండేళ్ళ కోసం కొన్న కారు

మధురానగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్లో ఎవరింటికి ఏ కొత్త వస్తువు రావాలన్నా ముందు సుమశ్రీ గడప దగ్గర ఆగాల్సిందే. ఇన్వర్టర్ ఏసీ కొనాలా, మామూలుది చాలా? డాబా మీద సోలార్ హీటర్ పెట్టిస్తే ఖర్చు తిరిగొస్తుందా? ఎవరు ఏమడిగినా ఆమె మొదట వేసే ప్రశ్న ఒకటే.

"ఎన్నేళ్ళు వాడతారండీ?"

మూడో అంతస్తు బుచ్చమ్మగారు ఫ్రిజ్ కొనేటప్పుడూ సుమశ్రీ అదే అడిగింది.

"ఎన్నేళ్ళేంటమ్మాయ్, పోయేదాకా వాడతాను."

"అదెన్నేళ్ళో చెబితే లెక్క వేస్తానండీ."

బుచ్చమ్మగారు పడీ పడీ నవ్వింది. "అది మా ఆయన్ని అడగాలి. రోజూ లెక్కపెట్టుకునేది ఆయనేగా" అంది. చివరికి పన్నెండేళ్ళు వేసుకోమంది. ఎక్కువ స్టార్ల ఫ్రిజ్‌కి పెట్టిన డబ్బు నాలుగో ఏటికే కరెంటు బిల్లులో తిరిగొస్తుందని తేలింది. ఆ సంగతి ఆవిడ వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పింది. అప్పట్నుంచి ఆ బిల్డింగులో సుమశ్రీ లెక్కంటే లెక్కే.

ఆమెది ఏలూరు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఆ రోజుల్లో అందరిలాగే అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవడానికి వచ్చింది. హాస్టల్లో నీళ్ళలాంటి సాంబారు, ఇరుకు మెట్ల మీద చెప్పుల గుట్టలు, ఒక్కో క్లాసులో రెండొందల మంది. అక్కడ ముందు వరసలో పుస్తకం వేసి ఆమె కోసం కుర్చీ ఆపిపెట్టినవాడు కేదార్. ఇద్దరూ ఒకే కోర్సు చదివారు. అతనికి ఉద్యోగం వచ్చింది, ఆమెకు రాలేదు. ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఆమె ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పింది. ప్రతి లెక్కనూ "ఘర్షణ లేదనుకుందాం" అని మొదలుపెట్టేది. "ఘర్షణ లేకపోతే మేం కాలేజీకి నడిచెట్లా వస్తం మేడమ్? అటెండెన్సిచ్చి పంపెయ్యండి" అని వెనక బెంచీ పిల్లలు ఆటపట్టించేవారు. ఆమెకు ఆ ఉద్యోగం చాలా ఇష్టం. కొడుకు కిట్టుకు రెండున్నరేళ్ళు నిండాక మానేసింది.

కిట్టు పూర్తి పేరు రామకృష్ణ. రెండో పుట్టినరోజుకు అమ్మ, తాత, బువ్వ అనేవాడు. మూడో పుట్టినరోజుకు ఏదీ అనడం లేదు. పిలిస్తే తలతిప్పడు. రోడ్డు మీద హారన్ మోగినా, పక్కన ఆగిన బండి ఇంజన్ గడగడలాడినా రెండు చెవులూ మూసుకుని ముడుచుకుపోతాడు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు చూశాక, సైనిక్‌పురిలో ఇలాంటి పిల్లలకోసమే నడుపుతున్న చిన్న బడి దొరికింది. ఆ బడి నడిపే డాక్టరమ్మ సుమశ్రీనీ కేదార్‌నీ కూర్చోబెట్టి, "రెండేళ్ళు చూద్దాం. తర్వాత మామూలు బడిలో వేసే ప్రయత్నం చేద్దాం" అంది.

కేదార్ ఆ మాటల్లో రెండేళ్ళు అన్నది పట్టుకున్నాడు. సుమశ్రీ ప్రయత్నం అన్నదాని దగ్గర ఆగిపోయింది. బయటికి వచ్చాక ఆ తేడా గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కిట్టును రోజూ బడికి తీసుకెళ్ళేది కమాల్ భాయ్. ఎర్రగడ్డలో ఉంటాడు, పాత డీజిల్ కారు. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు తల్లినీ పిల్లాణ్ణీ తీసుకెళ్ళేవాడు. మొదట్లో వాడు గోల చేస్తే దారిలో ఎక్కడో నీడన బండి ఆపి, వాడు తేరుకునేదాకా కిందికి దిగి నిలబడేవాడు. ఆర్నెల్లకు వాడు ఆ కారుకు అలవాటుపడ్డాడు. ఇంకే కారూ ఎక్కడు. ఒకసారి కమాల్‌కు జ్వరం వచ్చి వేరే క్యాబ్ పిలిస్తే, వాడు మెట్ల మీదే పడి దొర్లాడు.

ఆ కమాల్ భాయ్ ఒక సాయంత్రం బండి తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"బేటీ, జర ఒక మాట చెప్పాలె. వచ్చే నెల సంది నేను రాను."

"అదేంటి భాయ్? డబ్బులు చాలడం లేదా?"

"అరె, పైసల బాత్ కాదు. మా రేష్మాకు నౌకరీ వచ్చింది. గీ అమీర్‌పేటలనే కోర్సు చేసింది. ఇప్పుడు కంపెనీలోళ్ళు పిలిచి మరీ ఇస్తున్నరు కదా! ఇగ చాలు అబ్బా, బండి బంద్ చెయ్యి, నీ నడుం చూసుకో అంటున్నది." అంటూ కిట్టు వైపు వంగాడు. "ఏం చిన్న సాబ్, నాకు సలాం సుత చెప్పవా?"

కిట్టు అతని చొక్కా గుండీని చూస్తున్నాడు.

"ఫికర్ చెయ్యకు బేటీ. మాట్లాడతడు" అన్నాడు కమాల్. ఎప్పుడని ఆమె అడగలేదు.

అతని కూతురికి ఉద్యోగమిచ్చిన గాలే కేదార్‌నూ ఎత్తింది. కరోనా తర్వాత ఆ ఏడాది కంపెనీలు పోటీలు పడి మనుషుల్ని లాక్కుంటున్నాయి. అతను కంపెనీ మారాడు, జీతం బాగా పెరిగింది. "మనమే కారు కొందాం. నువ్వు నేర్చుకో, నువ్వే తీసుకెళ్ళు. డ్రైవరు మారే గొడవ ఉండదు" అన్నాడు. ఆమె పదిహేను రోజుల్లో డ్రైవింగ్ నేర్చుకుంది. భయంతో నేర్చుకుంది. రాత్రి కళ్ళు మూసుకుంటే ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చేది.

పంజాగుట్ట షోరూమ్‌లో వాళ్ళకు కారు చూపించిన కుర్రాడి పేరు దుర్గేష్. సుమశ్రీ హైబ్రిడ్ కారు దగ్గరే ఆగింది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుని, ట్రాఫిక్‌లో పాకేటప్పుడు దానితో నడిచే కారు. ఆ సంగతి ఆమెకు పుస్తకాల్లో ఎప్పటినుంచో తెలుసు. కళ్ళతో చూడటం ఇదే మొదలు.

"రోజు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతరు మేడమ్?" అన్నాడు దుర్గేష్.

ఆమె చెప్పింది. సైనిక్‌పురిలో దింపి రావాలి, మళ్ళీ వెళ్ళి తీసుకురావాలి.

"అబ్బో, మస్తు రన్నింగ్! అయితే కళ్ళు మూసుకుని హైబ్రిడ్ తీసుకోండి. మామూలు పెట్రోల్ బండి కంటే మూడున్నర లక్షలు ఎక్కువ, గంతే. మీరు తిరిగే తిరుగుడుకు అదంతా వెనక్కొస్తది. ఎన్నేండ్లు తిరుగుతరు గిట్ల?"

ఇన్నాళ్ళూ అందరినీ తను అడిగిన ప్రశ్న. సుమశ్రీ కిట్టు వైపు చూసింది.

"రెండేళ్ళు" అన్నాడు కేదార్. "బాబు స్కూలు కోసం. తర్వాత ఇక్కడే దగ్గర్లో చేర్పిస్తాం."

టెస్ట్ డ్రైవ్‌కి దుర్గేష్ నడిపాడు. కిట్టును ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. వాడు అలవాటుగా చెవులు మూసుకునే కూర్చున్నాడు. నాగార్జున సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. ఇంజన్ ఆగిపోయింది. కారులో ఫ్యాను చప్పుడు కూడా లేదు. సుమశ్రీ పక్కకు చూసింది. కిట్టు చేతులు మెల్లగా చెవుల మీంచి దిగాయి. వాడు కిటికీలోంచి మెట్రో రైలును చూశాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు.

పచ్చలైటు పడింది. కారు కొంతదూరం నిశ్శబ్దంగా జరిగి, ఎత్తు రాగానే ఇంజన్ ఒక్కసారిగా అందుకుంది. కిట్టు అరిచాడు. చేతులు మళ్ళీ చెవుల మీదికి వెళ్ళాయి. షోరూమ్ చేరేదాకా దిగలేదు.

అంతకుముందు, జూన్‌లో వాడు నీళ్ళు అన్నాడు. స్పష్టంగా, గ్లాసు చూపించి. కేదార్ ఆ రోజు ఆఫీసు కాల్ మధ్యలో లేచి వచ్చి వాణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. దసరాకు ఆ మాట పోయింది. గ్లాసు చూపిస్తే గ్లాసునే చూస్తాడు. ఒక మాట వచ్చి, మూడు నెలలుండి, పోయిన పిల్లాడు ఎన్నేళ్ళకు మామూలు బడికి వెళ్తాడో సుమశ్రీ లెక్క వేయకుండా ఉండలేకపోయింది. ఎటునుంచి వేసినా రెండు రాలేదు. అదే బడికి నాలుగేళ్ళుగా, ఆరేళ్ళుగా పిల్లల్ని తెస్తున్న తల్లుల పక్కన ఆమె రోజూ బడి వదిలే వేళకు కూర్చుంటోంది. వాళ్ళకూ డాక్టరమ్మ రెండేళ్ళు చూద్దామనే చెప్పిందట.

టెస్ట్ డ్రైవ్ తర్వాతి ఆదివారం సాయంత్రం కిట్టు బాల్కనీలో బట్టల క్లిప్పులు వరసగా పేరుస్తుంటే ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. సుమశ్రీ దగ్గర అన్నీ ఉన్నాయి. రోజూ తిరిగే దూరం, పెట్రోలు ధర, షోరూమ్ వాళ్ళు చెప్పినదాంట్లో కొంత తగ్గించి వేసుకున్న మైలేజీ.

"ఏం తేలింది?" అన్నాడు కేదార్.

"ఏడేళ్ళు ఇలా తిరిగితే హైబ్రిడ్‌కి ఎక్కువ పెట్టింది వెనక్కొస్తుంది. ఆ తర్వాత మిగులు."

"ఏడేళ్ళు మనకెందుకు? రెండేళ్ళేగా. ఆ తర్వాత బండి ఎక్కడికెళ్తుంది, ఆదివారం ఎర్రగడ్డ రైతుబజారుకా?"

"అంతే" అంది.

"నువ్వెన్నేళ్ళు వేశావు మరి?"

ఆమె తలెత్తి అతన్ని చూసింది. కొత్త ఉద్యోగంలో పొద్దస్తమానం స్క్రీను ముందు కూర్చుని కళ్ళ కింద నల్లబడింది. దగ్గర్లోని బడిలో ఒకటో తరగతి సీటు కోసం ఇప్పట్నుంచే వాకబు చేస్తున్నాడు. ఆ రెండేళ్ళు అన్న మాటను ఊతకర్రలా పట్టుకుని నడుస్తున్న మనిషి. హైబ్రిడ్ కొందామంటే ఏడేళ్ళు అనాలి. ఏడేళ్ళు అంటే కర్ర లాగేసినట్టే. పైగా తన లెక్క తప్పదని నమ్మినవాళ్ళలో మొదటివాడు అతనే.

"నేనూ రెండే వేశాను" అంది సుమశ్రీ. "మామూలు పెట్రోల్‌దే నయం. హైబ్రిడ్ దండగ."

తెలిసి తప్పు లెక్క చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. కేదార్ ఆమె వైపు కొద్దిసేపు చూసి, "సరే" అన్నాడు. సంతోషపడినట్టు కనిపించలేదు. అలసిపోయాడేమో అనుకుంది.

మరుసటి శనివారం బుకింగ్‌కి వెళ్ళారు. దుర్గేష్ కొంచెం నిరాశగానే మామూలు కారు వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాడు. రంగు అడిగాడు, ఇన్సూరెన్స్ అడిగాడు.

"వారంటీ కంపెనీది ఎట్లాగూ ఉంటది సార్. పైసలు కడితే ఐదేండ్లకు, ఏడేండ్లకు పెంచుకోవచ్చు. మీకు రెండేండ్ల పనే గాబట్టి అక్కర లేదు. తీసేస్తున్నా."

"ఏడేళ్ళది పెట్టండి" అన్నాడు కేదార్.

దుర్గేష్ చేతులు ఆగాయి. సుమశ్రీ కేదార్ వైపు తిరిగింది. అతను ఆమెను చూడటం లేదు. అద్దాల అవతల రోడ్డును చూస్తున్నాడు.

"ఏడేండ్లు నడిపేదుంటే మరి హైబ్రిడ్డే మంచిగుండె గద సార్!" దుర్గేష్ నవ్వాడు. "అన్నేండ్లల్ల ఎక్కువ పెట్టిందంతా వెనక్కొస్తది. ఇంకా ఏం మించిపోలేదు, మార్చమంటరా?"

కేదార్ చేయి పక్కనున్న కిట్టు తల మీదికి వెళ్ళింది. సుమశ్రీకి అప్పుడు అర్థమైంది. ఆదివారం సాయంత్రం బల్లకు అవతల కూర్చున్నవాడు కూడా ఆమె ముఖం చూసే రెండేళ్ళన్నాడు. అది ఆమెకు ఊతమనుకున్నాడు. ఇద్దరూ ఎవరికి వారే ఎదుటివాళ్ళకోసం ఆ మాటను మోస్తూ వచ్చారు.

"వద్దండీ" అంది దుర్గేష్‌తో. కారు మార్చమంటే ఇద్దరి మనసులోనూ ఉన్న ఏడేళ్ళను పైకి ఒప్పుకోవాలి. "ఇదే ఉండనివ్వండి."

"వారంటీ?"

"అది ఆయన చెప్పినట్టే."

కారు మూడు వారాల్లో వస్తుందన్నాడు దుర్గేష్. ముగ్గురూ బయటికొచ్చారు. శనివారం సాయంత్రం పంజాగుట్ట రోడ్డు హారన్లతో ఉడికిపోతోంది. అవతలి వైపుకు దాటాలి. కిట్టు అప్పటికే రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి పట్టుకుని నడిపిద్దామంటే వాడి చేతులు ఖాళీ లేవు. రోడ్డు దాటాల్సి వచ్చినప్పుడల్లా ఇదే ఇబ్బంది.

కేదార్ వంగి, వాడి కుడి చెవి మీది చేతిని మెల్లగా తీసి, ఆ చోట తన అరచేయి ఉంచాడు. సుమశ్రీ ఎడమ చెవి మూసింది. వాడు ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత ఇద్దరి చొక్కా, చున్నీ అంచులూ పట్టుకున్నాడు.

"పద" అన్నాడు కేదార్.

సిగ్నల్ పడేదాకా నిలబడి, ముగ్గురూ అలాగే అడుగులు సర్దుకుంటూ దాటారు.