బావా బావమరుదుల ఇంగ్లీషు సీరియళ్ళు

నా చిన్నప్పుడు ఒక ఏడాది వేసవి సెలవులు వచ్చినా మేము ఊరు దాటలేదు. కరోనా వచ్చిన మొదటి సంవత్సరం అది. మా ఇల్లు జర్మనీలో, ఎర్లాంగెన్ అనే ఊళ్ళో, రెండో అంతస్తులో. నాన్న పడకగదిలో తలుపేసుకుని, అమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆఫీసు పని చేసుకునేవారు. ఎవరో ఒకరు ఎప్పుడూ మీటింగులో ఉండేవారు కాబట్టి ఇంట్లో గట్టిగా తుమ్మాలన్నా భయమే. నాకప్పుడు పదేళ్ళు. అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, మూడు నెలలు ఉండి వెళదామని చలికాలం చివర్లో కాకినాడ నుంచి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో మా దగ్గరే ఉండిపోయాడు. ఆయన వీసా పొడిగించడానికి ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరక్క నాన్న తల పట్టుకునేవాడు. తాతయ్యకు ఆ బెంగ లేదు. ఆయన బెంగంతా కాకినాడలో ఉన్న బావమరిది మీదే.

ఆ బావమరిది మా అమ్మమ్మకు తమ్ముడు. నేను ఆయన్ని కాకినాడ తాతయ్య అనేదాన్ని. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆమె పోయాక కూడా వాళ్ళిద్దరూ ఒకే వీధిలో ఉంటూ, రోజూ సాయంత్రం ఒకే టీవీ ముందు కూర్చుని పోట్లాడుకునేవారట. మన వాళ్ళలో బావా బావమరుదులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మామూలే. ఎదుటివాడిని ఒక మాట అనకుండా పలకరించుకుంటే అలిగారేమో అనుకుంటారు. వీళ్ళిద్దరికీ ఆ పోట్లాటకు ఒక వస్తువు కూడా దొరికింది. అది ఇంగ్లాండు వాళ్ళ టీవీ సీరియళ్ళు.

తాతయ్య కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. కాకినాడ తాతయ్య ఓడరేవులో పనిచేసేవాడు. టీవీలో ఒక్కటే ఛానలు వచ్చే రోజుల్లో, వారానికోసారి వేసే ఇంగ్లీషు హాస్యం కోసం ఇద్దరూ అన్నం కూడా తొందరగా తినేసి కూర్చునేవారట. తరువాత ఓడల మీద వచ్చే నావికుల దగ్గర కాకినాడ తాతయ్య వీడియో క్యాసెట్లు అడిగి తెచ్చేవాడు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి లాప్‌టాప్ వచ్చింది. ఆ అలవాటు మాత్రం పోలేదు. తాతయ్యది హాస్యం పార్టీ. అత్తగారి పింగాణీ కప్పు పగలగొట్టి, ఆ సంగతి దాచడానికి అరగంటసేపు నానా తిప్పలు పడే పెద్దమనుషుల కథలంటే ఆయనకు ప్రాణం. కాకినాడ తాతయ్యది హత్యల పార్టీ. వాన, బురద, పొడుగు కోటు, మొదటి ఐదు నిమిషాల్లో ఒక శవం ఉంటే చాలు, ఆయన కుర్చీలోంచి కదిలేవాడు కాదు. అవి ఏడుపుగొట్టు సీరియళ్ళని తాతయ్య వెక్కిరిస్తే, ఆ హాస్యాలకు తెర వెనకాల వాళ్ళ జనమే నవ్వుకుంటున్నారు కదా, మధ్యలో నువ్వెందుకు బావా నవ్వడం అని ఆయన అనేవాడు.

తాతయ్య ఇక్కడ చిక్కుకుపోయాక ఈ యుద్ధం వీడియో కాల్‌లో సాగింది. మాకు మధ్యాహ్నం టీ వేళ, కాకినాడలో దీపాలు పెట్టే వేళ ఫోను మోగేది. నేను పక్కన కూర్చుని బిస్కెట్లు తింటూ వినేదాన్ని. నాకొచ్చిన తెలుగు తిట్లన్నీ ఆ రోజుల్లో వచ్చినవే.

ఆగస్టులో ఒకరోజు ఫోను మోగలేదు. కాకినాడ తాతయ్యకు కరోనా వచ్చి ఆసుపత్రిలో చేర్చారని మరునాడు ఆయన కొడుకు చెప్పాడు. లోపలికి ఎవరినీ రానివ్వరు. రోగి దగ్గర ఫోను మాత్రం ఉంచుతారు. తాతయ్య వెంటనే వెళ్ళిపోతానన్నాడు. ఈ వయసులో విమానం ఎక్కనివ్వనని అమ్మ ఏడ్చింది. వెళ్ళినా ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడాలని నాన్న నచ్చజెప్పాడు. తాతయ్య బాల్కనీలోకి వెళ్ళి, కింద సైకిళ్ళ మీద పోయే జనాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం తాతయ్యే ఫోను చేశాడు. తెర మీద కాకినాడ తాతయ్య మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. గడ్డం పెరిగింది. ఆయన్ని అలా చూడగానే తాతయ్య గొంతు పూర్తిగా మారిపోయింది. "నాయనా, ఎలా ఉందమ్మా ఒంట్లో? ధైర్యంగా ఉండు నాన్నా," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పసిపిల్లవాడిని ఊరుకోబెడుతున్నట్టు ఉంది. కాకినాడ తాతయ్య కాసేపు రెప్ప వేయకుండా చూశాడు. తరువాత మాస్కు కొంచెం పక్కకు జరిపి అడిగాడు.

"బావా, డాక్టరు నీకేం చెప్పాడు?"

ఎవరూ ఏమీ చెప్పలేదని తాతయ్య ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. కళ్ళు మూసుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మరునాడు ఆయన కొడుకు ఫోను చేశాడు. "నాన్న నిన్నటి నుంచి గంజి కూడా ముట్టలేదు మావయ్యా. బావ నాతో మంచిగా మాట్లాడాడురా, ఇంక నా పనైపోయినట్టే, అంటున్నాడు," అని చెప్పి ఏడ్చాడు.

ఆ మాటకు తాతయ్య కుప్పకూలినట్టు కూర్చున్నాడు. ప్రేమ పొంగి నోట వచ్చిన నాలుగు మాటలు అవతలి మనిషికి మరణవార్తలా వినబడతాయని ఆయనకు తోచలేదు. అన్నేళ్ళలో బావమరిదిని ఆయన నాయనా అని పిలిచింది ఒక్కసారేనట, అమ్మమ్మను సాగనంపిన రోజున. నాకు ఈ సంగతి అమ్మ చాలా ఏళ్ళ తరువాత చెప్పింది.

ఇక మళ్ళీ పాతలాగే ఆటపట్టిద్దామంటే ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆయన్ని నవ్వించవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. నవ్వితే దగ్గు తెర వస్తోంది, దగ్గు వస్తే ఊపిరి అందడం లేదు. ముద్దుగా మాట్లాడితే భయపడతాడు, వేళాకోళం చేస్తే దగ్గుతాడు. ఏం మాట్లాడాలో తెలియక తాతయ్య ఆ పూటంతా గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి నా దగ్గరికి వచ్చి, మీ కాకినాడ తాతయ్య చూసే ఆ హత్యల సీరియలు ఏదో పెట్టవే అమ్మడూ అన్నాడు.

జన్మలో చూడనని ఒట్టు పెట్టుకున్న సీరియలు అది. సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. పాలు పోసేవాడు చచ్చిపడి ఉంటాడు. భర్త పోయిన ఒక ఇన్‌స్పెక్టరమ్మ ఆ హంతకుడిని వెతుకుతూ ఉంటుంది. తాతయ్యకు అందులో ఎవరు ఎవరో తెలిసేది కాదు. కోట్లన్నీ ఒకేలా ఉన్నాయని విసుక్కునేవాడు, మధ్యలో కునుకు తీసేవాడు. నేను లేపి, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో కథ చెప్పేదాన్ని. ఆయన శ్రద్ధగా తల ఊపేవాడు. సాయంత్రం ఫోనులో మాత్రం అంతా తారుమారు చేసి చెప్పేవాడు. డాక్టరు భార్యను పోస్టుమాస్టరు చెల్లెలు అనేవాడు. పొద్దున జరిగింది రాత్రి జరిగిందనేవాడు. పైగా ఆ కథ రాసినవాడికి బుర్ర లేదనీ, దాన్ని నోరు తెరుచుకుని చూసేవాళ్ళకు అసలే లేదనీ నవ్వకుండా, నిజంగానే కోపం వచ్చినట్టు అనేవాడు.

కాకినాడ తాతయ్య మొదటి రోజు కళ్ళు మూసుకునే విన్నాడు. డాక్టరు భార్య దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరిచాడు. పోస్టుమాస్టరే హంతకుడని తాతయ్య తీర్పు చెప్పేసరికి, దుప్పటి కింది నుంచి చెయ్యి బయటికి తీసి, కాదన్నట్టు వేలు ఆడించాడు. ఆ రోజు గంజి తాగాడని రాత్రికి కబురు వచ్చింది.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కష్టపడి చెప్పిన కథంతా పాడు చేస్తున్నాడు కదా! ఒకరోజు ఉండబట్టలేక ఫోను మధ్యలోనే, "తాతయ్యా, దాస్ ష్టిమ్ట్ నిష్ట్! తప్పు చెప్తున్నావు," అని అరిచాను. ఆయన చెయ్యి చాచి నా మోకాలు మెత్తగా నొక్కాడు, అంతే. ఫోను పెట్టేశాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"నాకు తెలుసే అమ్మడూ. ఆ మంచం మీద వాడికి చెయ్యడానికి ఓ పనుండాలి కదా. నన్ను దిద్దడం కన్నా వాడికిష్టమైన పని ఈ లోకంలో ఇంకోటి లేదు."

ఆ తరువాత నేను కూడా ఆ నాటకంలో చేరిపోయాను. పొద్దున కథ చూడటం, ఏ ముక్క తప్పు చెబితే కాకినాడ తాతయ్యకు ఎక్కువ కోపం వస్తుందో ఇద్దరం కూడబలుక్కోవడం, సాయంత్రం ఆ వేలి కోసం ఎదురుచూడటం. కొన్నాళ్ళు ఆయన కోలుకుంటున్నట్టే కనిపించాడు. ఒకసారి మాస్కు తీసి, "బావా, నీకు పాఠం చెప్పిన మాస్టారెవడు?" అని కూడా అన్నాడు. తాతయ్య ఆ మాటను ఇంట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

కానీ జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. రేపు ఊపిరి గొట్టం వేస్తారనీ, వేశాక ఇంక మాట్లాడటం కుదరదనీ, ఆశ పెట్టుకోవద్దన్నారనీ ఆయన కొడుకు అమ్మకు చెప్పాడు. అమ్మ ఆ సంగతి తాతయ్యకు ఎలా చెప్పాలా అని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె మొహం చూసి తాతయ్యే అర్థం చేసుకున్నాడు. లేచి మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఫోను ముందు కూర్చున్నాడు. నాన్నా, ఈరోజైనా నాలుగు మంచి మాటలు చెప్పు, మనసులో ఉన్నది చెప్పేయి అని అమ్మ బతిమాలింది. తాతయ్య ఒప్పుకోలేదు. నా మనసు తేలిక చేసుకోవడానికి వాడిని భయపెట్టమంటావా అన్నాడు.

తెర మీద కాకినాడ తాతయ్య కళ్ళు సగమే తెరిచి ఉన్నాయి. తాతయ్య గొంతు సవరించుకుని ఎప్పటిలాగే ఎత్తుకున్నాడు. "ఒరేయ్, మీ ఇన్‌స్పెక్టరమ్మకి కళ్ళు లేవురా. చంపింది పోస్టుమాస్టరే. రేపు ఆఖరి భాగం చూస్తాను. వాడు కాకపోతే నా పేరు మార్చుకుంటాను, తెలిసిందా?" ఆ గొంతులో ఎక్కడా తేడా లేదు. నేను పక్కన కూర్చున్నాను కాబట్టి బల్ల కింద ఆయన చొక్కా అంచును పిడికిట్లో నలిపేయడం నాకు మాత్రం కనిపించింది. నేను ఆ చేతిని పట్టుకున్నాను. కాకినాడ తాతయ్య చాలాసేపటికి వేలు పైకెత్తి, మెల్లగా ఆడించాడు. కాదు అని. మాస్కు పైన ఆయన కళ్ళు నవ్వాయి. అంతలో నర్సు వచ్చి ఫోను తీసేసింది.

నల్లబడిన తెర వైపు చూస్తూ అప్పుడు అన్నాడు మా తాతయ్య, "వెళ్ళిరా నాయనా" అని. అని, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. మీటింగులో ఉన్న నాన్న తలుపు తీసుకుని వచ్చేసేంత గట్టిగా ఏడ్చాడు.

కాకినాడ తాతయ్య మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆయన్ని మునిసిపాలిటీ వాళ్ళు తీసుకుపోయారు. కొడుకు ఒక్కడినీ దూరంగా నిలబడనిచ్చారట. ఇక్కడ అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ రోజుల్లో ఎంతోమంది ఇళ్ళలో జరిగింది అంతే. దీపం కొండెక్కాక తాతయ్య నన్ను పిలిచి ఆఖరి భాగం పెట్టమన్నాడు. ఒక్క కునుకు తీయకుండా, నన్ను ఒక్క ప్రశ్న అడగకుండా చివరిదాకా చూశాడు. హంతకుడు పోస్టుమాస్టరు కాదు. వాడే గెలిచాడమ్మా అన్నాడు.

మనిషి వెళ్ళిపోతున్నాడని తెలిసినప్పుడు మన మనసులో ఉన్న ప్రేమంతా వాళ్ళ ముందు కుమ్మరించాలనిపిస్తుంది. అది తప్పని నేననను. కానీ ఆ ప్రేమ వాళ్ళకు అక్కరకొస్తుందా, మనకా అని ఒక్కసారి ఆగి చూసుకోవడం నాకు ఆ ఆగస్టులో అలవాటైంది. మంచం పట్టిన వాళ్ళ దగ్గర మన గొంతు మారిపోతుంది. అప్పటిదాకా వాళ్ళకు తెలిసిన కొడుకూ, కూతురూ, స్నేహితుడూ మాయమై, ఎవరో మర్యాదస్తులు వచ్చి కూర్చుంటారు. ప్రాణం ఉండగానే వాళ్ళను ఒంటరివాళ్ళను చేసేస్తాం. మా తాతయ్య తన దుఃఖాన్ని బల్ల కింద పెట్టుకుని, బావమరిదికి ఆఖరి సాయంత్రం కూడా అతని బావను అతనికి ఇచ్చాడు.

ఇప్పుడు నాది అప్పటి మా తాతయ్య వయసు. మొన్న చలికాలంలో మా అమ్మ ఇక్కడే, ఈ ఊరి ఆసుపత్రిలోనే పోయింది. చివరి వారం చూడటానికి వచ్చిన వాళ్ళందరూ గొంతు తగ్గించి, ఆమె తల నిమిరి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. అమ్మ ఎవరికీ బదులు చెప్పలేదు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, జీవితమంతా మేము పోట్లాడుకున్న సంగతే ఎత్తాను. నీ గుత్తివంకాయ కూరలో ఎప్పుడూ ఉప్పు ఎక్కువే అమ్మా అన్నాను. పక్కనున్న మా అబ్బాయి నా వైపు అసహ్యంగా చూశాడు. అమ్మ కళ్ళు తెరిచింది.

"తినేటప్పుడేమైందే ఆ నోటికి?" అంది.

అదే మా అమ్మ నాతో అన్న ఆఖరి మాట. ఎవరో రోగి కాదు, మా అమ్మే అన్న మాట.